ఇంట్లో పిలిచే పేరు

"ఈ మనిషి ఏదో ఒకనాడు గేటు తీసుకుని ఎల్లిపోతాడే రోహిణీ. నా మాట రాసి పెట్టుకో."

తడి తువ్వాలు దులిపి తీగ మీద వేస్తూ సత్యలక్ష్మి అన్న మాట అది. అప్పటికి ఏమీ జరగలేదు. మనిషి ఎదురుగానే వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"రోజుకి పది రాసి పెట్టుకోమంటావ్ మమ్మీ. రాసుకోడానికి నోటు పుస్తకాలు చాలట్లేదు" అని నవ్వి కూతురు స్కూటీ స్టార్ట్ చేసింది. నెహ్రూ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో దాని ఉద్యోగం. తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండాలి.

రోహిణి నవ్వడంలో తప్పు లేదు. సత్యలక్ష్మి భయాలు అలాంటివి. గ్యాస్ బండ పేలుతుందేమోనని రెండుసార్లు లేచి చూసేది. స్కూటీ హైవే మీద పడిపోతుందేమోనని కూతురు ఆఫీసు చేరి ఫోన్ చేసేదాకా గేటు దగ్గరే నిలబడేది. అనుకున్నవి నూటికి తొంభైతొమ్మిది జరగలేదు కాబట్టి ఆ ఇంట్లో ఆవిడ మాటకు విలువ లేకుండా పోయింది.

కానీ ఈ ఒక్క భయం గాల్లోంచి పుట్టింది కాదు. ఆవిడ మొగుడు అప్పలసూరి దుర్గ్ దగ్గర చరోదా రైల్వే యార్డులో ముప్పై ఆరేళ్ళు పనిచేశాడు. ఆగిన గూడ్సు బండి పక్కన నడుస్తూ చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని, బాగున్న వ్యాగన్ మీద సుద్దముక్కతో గుర్తు వేసేవాడు. రిటైరై పదేళ్ళయింది. రెండేళ్ళ నుంచి మాత్రం ఆ గుర్తులు ఇంట్లో పడుతున్నాయి. గేటు మీద, బియ్యం డబ్బా మీద, ఫ్రిజ్ తలుపు మీద. తిన్నది మరిచిపోయేవాడు. కూతుర్ని చూసి "ఈ గుంట ఎవర్తి?" అనేవాడు. పక్క వీధి సూర్యారావు, యార్డులో ఆయనకు జోడీగా పనిచేసినవాడు, రోజూ వచ్చి "ఒరే సూరీ!" అని పిలిస్తే ఈమధ్య తల తిప్పడం మానేశాడు. డాక్టరు మతిమరుపు జబ్బని మందులు రాశాడు. సత్యలక్ష్మి మందులు వేసేది, గేటుకు తాళం వేసేది.

ఆ మాట అన్న తొమ్మిదో రోజు, మంగళవారం పొద్దున్న, పాలవాడికి తీసిన తాళం మళ్ళీ వెయ్యడం మరిచింది. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి బెంచీ ఖాళీ. గేటు మీద తాజాగా సుద్ద గుర్తు. బాగుంది, బండి పోవచ్చు అని.

*

మొదటి వారం పరుగులోనే పోయింది. పోలీస్ స్టేషన్, రైల్వే పోలీసులు, దుర్గ్ ఆసుపత్రి, పవర్ హౌస్ రైల్వే స్టేషన్. పార్వతీపురం దగ్గర ఆయన సొంతూరికి ఫోన్ చేస్తే అక్కడికీ రాలేదన్నారు. ఫొటోతో గోడలకు అంటించిన కాగితాలు రెండు వానలకు జారిపోయాయి. వాట్సాప్‌లో పెట్టిన ఫొటోకి ఎవరో "దొరికాడు" అని తగిలించి పంపారు. ఎవరు పంపారో తెలియలేదు. అది ఊరంతా తిరిగి, అభినందనలతో సత్యలక్ష్మి ఫోనుకే వచ్చింది. ఆ పూట ఆవిడ ఏడవడానికి కూడా ఓపిక లేక గడప మీద అలాగే కూర్చుండిపోయింది.

"బస్, చాలు. ఇలా కాదు" అంది రోహిణి. "పాపా కోసం వెబ్‌సైట్ కడతాను. ఒక్కటే అడ్రసు. దొరికితే దొరికాడని, లేకపోతే లేదని మనమే రాస్తాం. ఇంకెవడూ మార్చలేడు. ఎవరు చూసినా అక్కడికే రావాలి."

"కట్టడం ఏటే? ఇల్లా?"

"ఇల్లే అనుకో."

కోచింగ్ సెంటర్ సైట్లో టైం టేబుల్ మార్చేది రోహిణే. ఆ పాటి విద్య చేతిలో ఉంది. పాత కేలండర్ కాగితం తిరగేసి నేల మీద పరిచి, పెన్సిల్‌తో గళ్ళు గీసింది. పైన పేరు, కింద ఫొటో, ఆ కింద వేలితో నొక్కితే నేరుగా ఫోన్ మోగే పచ్చ బొత్తం. దాని కింద ఎప్పుడు, ఎక్కడ, ఏ బట్టలతో. అడుగున, చూసినవాళ్ళు రాసి పంపడానికి ఒక ఫారం. పేజీ బరువు తక్కువ ఉండాలట, పల్లెల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి. హిందీ, ఇంగ్లీషు, ఒడియా, తెలుగు, నాలుగు భాషల్లో ఉండాలట. తెలుగులో టైప్ చెయ్యడానికి కూతురికి తెలుగు చదవడం రాదు. ఆ ముక్కలు ఫోన్ యాప్ చేసి పెడుతుందంది. సత్యలక్ష్మికి ఐదో తరగతి తెలుగు తప్ప ఇంకే అక్షరమూ రాదు.

ఫొటో దగ్గర మొదటి గొడవ. స్పష్టంగా ఉన్నది రిటైర్మెంట్ రోజుది ఒక్కటే.

"దండతో ఉన్నదొద్దు. దండేసిన బొమ్మ పెడితే సూసినోళ్ళు ఏటనుకుంటారు? నాను సూడలేను."

"సరే, దండ కోసేస్తా." రోహిణి ఫోన్‌లో మెడ దాకా కత్తిరించింది. సత్యలక్ష్మికి అదీ బాగోలేదు. మెడ దగ్గర ఆగిపోయిన మనిషి. కానీ ఇంకేం అనలేక ఊరుకుంది.

తరవాత గళ్ళు నింపడం మొదలైంది. ఎత్తు. రంగు. ఎడమ చేతి చూపుడువేలు గోరు లేదు, వ్యాగన్ కింద నలిగింది. భాషలు. అప్పలసూరి, వయసు డెబ్భై, ఆధార్‌లో ఉన్నట్టు.

"ఇంట్లో పిలిచే పేరు?" అంది రోహిణి తల ఎత్తకుండా. "మతిమరుపు ఉన్నవాళ్ళు అసలు పేరుకి పలకరంట మమ్మీ, చిన్నప్పటి పేరుకి పలుకుతారంట. నానమ్మ ఏమని పిలిచేది?"

సత్యలక్ష్మి చేతిలోని చాయ్ గ్లాసు నేల మీద పెట్టింది.

"ఏటీ నేదు" అంది. "అందరూ పిలిసీదే."

రోహిణి ఆ గడిలో అడ్డగీత గీసింది.

నలభై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ గడి అలాగే కొట్టేసి ఉంది. అప్పలసూరి అన్నది ఆయన పేరు కాదు, ఆయన అన్న పేరు. ఎనిమిదో తరగతి పాసైనది అన్న. రైల్వే పనికి రాసుకున్నది అన్న. పిలుపు ఉత్తరం వచ్చేసరికి అన్న నాగావళి వరదలో చేపలకు వెళ్ళి తిరిగి రాక రెండు నెలలయింది. ఉత్తరం ఉంది, మనిషి లేడు. బడి మొహం చూడని తమ్ముడున్నాడు, వాడికి ఉత్తరం లేదు. అప్పటికే యార్డులో పనిచేస్తున్న మేనమామ ఆ రెండింటినీ ఒకటి చేసి, తమ్ముణ్ణి రైలెక్కించి చరోదా తెచ్చేశాడు. అన్న పేరు, అన్న వయసు, అన్న సర్టిఫికెట్. పెళ్ళయిన మూడో నెల ఈ సంగతి చెప్పి ఆయన సత్యలక్ష్మి చేత ఒట్టు వేయించుకున్నాడు. పిల్లకు కూడా చెప్పలేదు. సొంతూళ్ళో అత్తగారు మాత్రం అన్నం వేళ గుమ్మంలో నిలబడి అసలు పేరుతో కేకేసేది. ఆవిడ పోయాక ఆ పేరు పలికే నోరే లేకపోయింది. సత్యలక్ష్మి ఎలాగూ మొగుడి పేరు, ఏ పేరైనా, నోట పలికిన మనిషి కాదు.

క్యాంప్ 2 కాలనీలో ఒకాయన మీద రిటైరయ్యాక ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, పేరు తేడా వచ్చి పింఛను ఆగిపోయిందని ఎప్పుడో విన్నది. అప్పటినుంచి తపాలా సైకిల్ గంట విన్నా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ఇప్పుడు లోకమంతా చూసే గోడ మీద ఆ పేరు రాయమంటే? రేపు ఆయన తిరిగొస్తే మందులు ఎక్కడివి? ఆయన్ని జైల్లో పెడితే? మతి లేని మనిషిని కోర్టుకు లాగితే?

ఏమీ లేదనే చెప్పింది. చెప్పాక కూడా కాగితం మీద ఆ అడ్డగీత వైపే చూస్తూ కూర్చుంది.

*

సైట్ ఎనిమిదో రోజున తెరుచుకుంది. దాని అడ్రసులోనే అప్పలసూరి పేరుంది. సూర్యారావు కళ్ళజోడు సర్దుకుని రోహిణి ఫోన్‌లో చూశాడు.

"మా సూరిగాడికి ఇంటర్నెట్‌లో క్వార్టర్ ఇచ్చీసినారన్నమాట! రైల్వే ఇచ్చిన దానికన్నా బాగున్నాది సెల్లెమ్మా. ఇది కారదు." నవ్వబోయి, సత్యలక్ష్మి మొహం చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "వొస్తాడు లేమ్మా. ఆడి కాళ్ళకి యార్డు తెలుసు."

ఫారాలు రావడం మొదలైంది. రాజ్‌నాంద్‌గావ్ గుడి దగ్గర చూశామని ఒకరు రాస్తే తల్లీకూతుళ్ళు ఉన్నపళాన వెళ్ళారు. మెట్ల మీద ముసలాయన అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీపు అచ్చంగా ఆయనదే. సత్యలక్ష్మి పరుగున వెళ్ళి భుజం పట్టుకుంది. ఆ మనిషి తిరిగి చూశాడు. వేరే మొహం, వేరే ఎవరి తండ్రో. ఆయన కోసమని కట్టుకెళ్ళిన అన్నం విప్పి ఆ ముసలాయనకే పెట్టింది. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, మా మనిషికీ ఎవరైనా ఇలా పెడుతున్నారో లేదోనని చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

తరవాత తరవాత ఫారాలు తగ్గాయి. రోహిణి ప్రతి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పేజీలో తేదీ మార్చేది. ఇంకా దొరకలేదు. ఇంకా దొరకలేదు. సత్యలక్ష్మి అన్నం సగంలో లేచిపోయేది. పాలు పొంగినా గేటు వైపే చూసేది. సుద్ద గుర్తు వానకు పోతుందని దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టింది.

ఆయన కనబడకుండా పోయిన ఇరవయ్యో రోజు, ఆదివారం. మధ్యాహ్నం రోహిణి మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఉంటే, సత్యలక్ష్మి వచ్చి పక్కన కూలబడింది.

"కొట్టీసిన ఫారాలన్నీ సదువు నాకు."

"ఎందుకు మమ్మీ? పనికిరానివే కొట్టేశాను. ఒకడు నా ఫొటో అడిగాడు. అదీ చదవనా?"

"సదువే అంటే."

రోహిణి నిట్టూర్చి చదివింది. నాగ్‌పూర్ వాళ్ళు ఎవరో. సంతాపం తెలిపినవాళ్ళు. మంత్రించిన తాయెత్తు ఇస్తామన్నవాళ్ళు. "ఇదిగో, ఇది ఒడిశా నుంచి, టిట్లాగఢ్. నాలుగు రోజుల కిందటిది. స్టేషన్ బయట చాయ్ కొట్టు అంట. 'ఫొటోలో ఉన్నట్టే ఒక ముసలాయన ఇక్కడ ఉన్నాడు. నువ్వు అప్పలసూరివా అని అడిగాను. కాదు, అది మా అన్న, చేపలకు వెళ్ళాడు అంటున్నాడు. కాబట్టి ఈయన కాదు. మీ నాన్నగారు త్వరగా దొరకాలి.' పాపం, మంచివాడే. పాపాకి అన్నే లేడు కదా, అందుకని..."

ఆవిడ మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుంది.

"మమ్మీ? క్యా హువా? ఏమైంది?"

"ఉన్నాడు" అంది సత్యలక్ష్మి. "అన్న ఉన్నాడే. మీ నాన్నకి అన్న ఉండీవోడు. ఆ పేరు ఆడిదే."

చెప్పింది. నాగావళి, ఉత్తరం, మేనమామ, ఒట్టు. ముందుది వెనక, వెనకది ముందు చేసి చెప్పింది. రోహిణి అంతా అయ్యాక మెల్లగా అంది:

"ఆ గడి నేనే అడిగాను మమ్మీ. నీ పక్కన కూర్చుని అడిగాను. ఇంట్లో పిలిచే పేరేంటని."

"బయ్యం ఏసింది తల్లీ."

"నీకు ఎప్పుడు వెయ్యలేదు? గ్యాస్ బండకి భయపడ్డావ్, స్కూటీకి భయపడ్డావ్. చెప్పాల్సిన ఒక్కటీ భయపడి దాచేశావ్!"

సత్యలక్ష్మి తల వంచుకుంది. రోహిణి అప్పటికే ఫారంలోని నంబరు నొక్కుతోంది. స్విచాఫ్. మళ్ళీ నొక్కింది. మళ్ళీ స్విచాఫ్. ఐదుసార్లు.

"విశాఖ బండి అటే పోతుంది, సాయంత్రం ఎక్కుదాం" అంది కళ్ళు తుడుచుకుంటూ. "కానీ నాలుగు రోజులు మమ్మీ. అప్పటినుంచీ అక్కడే ఉంటాడా? ఏ బండి ఎక్కాడో?"

"ఆ బొమ్మ కింద రాయి."

"ఏంటి?"

"అసలు పేరు రాయి. ఇప్పుడే. ఇంకో ఊళ్ళో ఎవులైనా పిలుస్తారు."

"అడ్రసులో అప్పలసూరి అనే ఉంటుంది, అది ఇప్పుడు మారదు. రెండు పేర్లూ పక్కపక్కన కనబడతాయి. చూసినవాడికి అర్థమైపోతుంది. పెన్షన్..."

"పింఛను తినే మనిషి ఎక్కడున్నాడో తెలీదు, పింఛనేటి సేసుకుంటాను? రాయి."

"సరే. పేరు చెప్పు."

సత్యలక్ష్మి పెదవులు కదిపింది. రాలేదు. నలభై రెండేళ్ళ అలవాటు నాలుకను పట్టేసింది. గబగబా కేలండర్ కాగితం లాగి పెన్సిల్‌తో మూడు అక్షరాలు రాసి కూతురి ముందు పెట్టింది. రోహిణి దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"నాకు తెలుగు చదవడం రాదు మమ్మీ!" దాదాపు అరిచింది.

గేటు చప్పుడైంది. సూర్యారావు, ఆదివారం కబుర్లకి. రోహిణి కాగితం తీసుకుని వరండాలోకి దూకింది. "అంకుల్, ఇదేంటో చదవండి!"

సత్యలక్ష్మి వద్దన్నట్టు చెయ్యి చాచింది. ఆలస్యమైపోయింది. సూర్యారావు కళ్ళజోడు సర్దుకుని, కాగితం దూరంగా పట్టి, బడిపిల్లాడిలా కూడబలుక్కున్నాడు.

"బ... ల... రాం. బలరాం. ఎవుడమ్మా ఈ బలరాం?"

సూర్యారావు సత్యలక్ష్మి మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు. బెంచీ వైపు చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"ఆ రోజుల్లో యార్డులో ఇంకొకడి పేరుతో సేరినోడు ఆడొక్కడేటమ్మా" అన్నాడు చివరికి. "టైపు సెయ్యి."

రోహిణి టైప్ చేసింది. సత్యలక్ష్మి పక్కన నిలబడి ఒక్కో మాటే అందించింది. ఈయన్ని అడ్రసులోని పేరుతో పిలవకండి, పలకడు. పైన రాసిన పేరుతో పిలవండి. అన్నం తిందువు రమ్మనండి. ఆ పిలుపును తెలుగులోనే, కానీ హిందీ అక్షరాల్లో రాసింది రోహిణి, ఎవరైనా చూసి చదవగలిగేలా. పేజీ పైన కొత్త పేరు పెద్దగా వచ్చి నిలబడింది. సత్యలక్ష్మికి అది కొత్త మనిషి పేరులా లేదు. గుమ్మంలో అత్తగారు నిలబడ్డట్టుంది.

బట్టలు సంచిలో సర్దుతుండగా ఫోన్ మోగింది.

"హలో దీదీ, టిట్లాగఢ్ నుంచి. ఐదు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మొబైల్ రిపేరుకిచ్చాను, ఇప్పుడే వచ్చింది." హిందీలో మాట్లాడుతున్నాడు చాయ్ కొట్టాయన. రోహిణి స్పీకర్ పెట్టి గబగబా అడిగింది. "ఆ, ఆ ముసలాయనా? ఉన్నాడు, ఇక్కడే వంతెన మెట్ల కింద. కానీ రెండు రోజుల నుంచి మాటే లేదు దీదీ. తిండి కూడా ముట్టడం లేదు. ఊరికే పట్టాల వైపు చూస్తూ ఉంటాడు. ఆగండి, వెళ్తున్నాను."

"ఎడమ చెయ్యి చూడండి భయ్యా, చూపుడువేలు!"

నడక చప్పుడు. ఎవరిదో కేక. "గోరు లేదు దీదీ. చేతిలో సుద్దముక్క ఉంది. ఫోన్ చెవి దగ్గర పెడుతున్నాను. మాట్లాడండి."

"పాపా! పాపా, నేను రోహిణిని! పాపా!"

ఏమీ లేదు.

"ఒరే! నానురా, సూర్యారావుని! యార్డు సూర్యారావుని!"

ఏమీ లేదు. ఎక్కడో ఇంజన్ కూత.

"కళ్ళు మూసుకుపోతున్నాయి దీదీ" అన్నాడు చాయ్ కొట్టాయన, గొంతులో కంగారు. "ఒళ్ళు వేడిగా ఉంది. నేను ఆసుపత్రికి తీసుకెళ్దామన్నా లేవడు, మెట్లు పట్టుకుని కూర్చుంటాడు. ఏదో ఒకటి చెప్పండి."

సత్యలక్ష్మి కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. రెండు చేతులా పట్టుకుంది. "బలరాం" అంది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ అంది. ఈసారి వినబడింది, తనకే ఎవరిదో గొంతులా. అటునుంచి ఏమీ లేదు. మూడోసారీ లేదు. కొత్త పెళ్ళికూతురు మర్యాదగా పిలిచినట్టుంది ఆ పిలుపు. ఆయన్ని అలా ఎవరు పిలిచారు ఎప్పుడైనా?

ఆవిడ కళ్ళు మూసుకుంది. సూర్యారావు ఉన్నాడనీ, కూతురు చూస్తోందనీ మరిచిపోయింది. గొంతు పైకెత్తింది, చేను అవతలకి వినబడేలా.

"ఒరే బలరావుడా! అన్నం సల్లారిపోతందిరా! రారా అయ్యా, నెగు, లేసి రా!"

ఆ కేక గోడలకు తగిలి ఆగిపోయింది. ఫోన్‌లో ఎక్కడో గ్లాసులు కడుగుతున్న చప్పుడు. ప్లాట్‌ఫాం మీద ఒడియాలో ఏదో బండి గురించి చెబుతున్నారు. అదీ అయిపోయింది. రోహిణి కింద కూర్చుని తల్లి కాళ్ళు పట్టుకుంది. సూర్యారావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సత్యలక్ష్మి ఫోన్‌ను చెవికి అదిమి పెట్టుకుని, వింటోంది. బండి ఒకటి వచ్చి వెళ్ళిపోయేంతసేపు.

తరవాత, ఎండిపోయిన గొంతుతో, చిన్నపిల్లాడిలా:

"అన్న ఇంకా రానేదే అమ్మా... సరే, నాను వొస్తన్నాను."